కేక దిగిన చోటు

పోయిన నెల ఒక సోమవారం పొద్దున, గుడివాడలో నా సంగీతం క్లాసులో కొత్త పిల్లల్ని చేర్చుకుంటుండగా బందరు నుంచి ఫోను వచ్చింది. మా టీచరు గారు పోయారు. కాఫీ తాగి వాకిట్లో కుర్చీలో కూర్చున్నారట. పక్కింటి పిల్ల సరళీ స్వరాలు సాధన చేసుకుంటుంటే గోడ ఇవతల నుంచే "దింపమ్మా, ఇంకొంచెం దింపు" అన్నారట. ఆ పిల్ల దింపి, ఈసారి బాగుందా అని అడిగితే జవాబు రాలేదట.

ఆ ఫోను వచ్చేసరికి నా ముందు పదేళ్ల పిల్ల ఒకతి నిలబడి ఉంది. వాళ్లమ్మని రోడ్డు అవతల సోడా బండి దగ్గరికి పంపించాను. ఎందుకు పంపించానో ముందుముందు తెలుస్తుంది. ఇద్దరినీ నాలుగు రోజులాగి రమ్మని చెప్పి బందరు రైలెక్కాను. పెడన దాకా ఏడ్చాను. పెడన దాటాక ఎందుకో ఏడుపు ఆగిపోయింది. ఆవిడ ఓడిపోయి వెళ్లిన మనిషి కాదు. గెలిచి, గెలిచినట్టు తనకి తెలిసి, ఆ తర్వాత తీరిగ్గా వెళ్లిన మనిషి. అలాంటి వాళ్ల గురించి రాసేటప్పుడు కొంచెం గొప్పలు పోతాను, చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

ముందు మా స్కూలు గురించి చెప్పాలి. బందరులో కాలవ గట్టున, పెంకుల వరండా ఉన్న రెండు గదుల సంగీత పాఠశాల. దాన్ని పెట్టినావిడ నేను పుట్టడానికి చాలా ముందే పోయారు. ఆవిడది ఐదున్నర శ్రుతి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, శ్రుతి అంటే పాడే మనిషి తన 'స'ని నిలబెట్టుకునే చోటు. హార్మోనియం మీద అయితే అది ఒక మెట్టు. ఒకటి నుంచి ఏడు దాకా తెల్ల మెట్లు, మధ్యలో వచ్చే అరలు నల్ల మెట్లు. ఆవిడ పోయాక ఆవిడ గుర్తుగా ఐదున్నర మెట్టుకి కుంకుమ బొట్టు పెట్టారు. ప్రతి విజయదశమికీ పాత బొట్టు తుడిచి కొత్తది పెట్టేవారు. అందరూ దాన్ని బొట్టు మెట్టు అనేవాళ్లు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు, చేరడానికి వచ్చిన పిల్లలు బొట్టు మెట్టుకే పాడి చూపించాలన్న నియమం ఒకటి వచ్చింది. పాడితే గొంతు ఉన్నట్టు. పాడలేకపోతే దరఖాస్తు మీద 'గొంతు లేదు' అని రాసి పంపేసేవారు. గుర్తు కోసం పెట్టిన బొట్టు కాస్తా కొలబద్ద అయి కూర్చుంది.

అలా గొంతు లేదనిపించుకున్న వాళ్లలో నేనూ ఒకదాన్ని. అవి తొంభైల మొదటి రోజులు, నాకు పదకొండేళ్లు. మాది కోడూరు దగ్గర పల్లె. మా అమ్మ నాట్లకీ కోతలకీ వెళ్లేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది కూడా మా అమ్మే, ఆ వెనకే నేను. పాస్టరు గారి భార్య చెప్పగా, అవనిగడ్డలో బస్సు మారి అమ్మ నన్ను బందరు తీసుకొచ్చింది. స్కూలు ప్రిన్సిపాలు మా టీచరు గారు. పక్కన కమిటీ సెక్రటరీ గారు. ఆయన స్కూలు పెట్టినావిడ కొడుకే. బొట్టు మెట్టు నొక్కారు. నేను నోరు తెరిచాను. కీచుమంటూ ఏదో వచ్చింది, మధ్యలో అదీ ఆగిపోయింది. సెక్రటరీ గారు 'గొంతు లేదు' అని రాశారు. కోపంగా రాసినా బాగుండేది. జాలిగా రాశారు, నాకు అదే ఎక్కువ మంట.

"పోన్లెండి బాబుగారూ, మిషను కుట్టడం నేర్చుకుంటదిలెండి" అని అమ్మ లేచి బయటికి నడిచింది. ఆ విసురులో కాలవ మీది వంతెన దాటి అవతలి గట్టుకి వెళ్లిపోయింది. అన్నం డబ్బాల సంచీ వరండాలోనే ఉండిపోయింది. నేను వరండా చివర నిలబడి "అమ్మా… సంచీ…" అని కేకేశాను. మా చేలల్లో అలాగే పిలుచుకుంటాం, నాకది పాటా కాదు, అరుపూ కాదు.

టీచరు గారు గదిలోంచి బయటికి వచ్చారు. ఇంకోసారి పిలవమన్నారు. పిలిచాను. ఇంకోసారి అన్నారు. అవతలి గట్టు మీద మా అమ్మ ఏమైందోనని కంగారుగా వెనక్కి వస్తోంది. ఆవిడ లోపలికి వెళ్లి మెట్లు ఒక్కొక్కటే నొక్కుకుంటూ మూడో తెల్ల మెట్టు దగ్గర ఆగారు. దీనికి పాడు అన్నారు. మా చర్చి పాట ఒకటి మొదటి నుంచి చివరిదాకా పాడాను. సెక్రటరీ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, చాలా బాగుందని, కాకపోతే అది బొట్టు మెట్టు కాదని అన్నారు. స్కూల్లో వీలు కాకపోతే ఇంట్లో చెబుతానన్నారు టీచరు గారు.

ఇక్కడ మా అమ్మ చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. అప్పటిదాకా అమ్మ వేరే ఏదో అనుకుంటోంది. తల వంచుకుని అడిగేసింది.

"మా చర్చోళ్లం బొట్టు పెట్టుకోం కదండీ. అందుకనే తీసేశారా పిల్లని?"

టీచరు గారు నవ్వలేదు. బల్ల మీది సుద్దముక్క తీసి మూడో మెట్టు చివర చిన్న చుక్క పెట్టారు. తెల్ల మెట్టు మీద తెల్ల చుక్క, వంగి చూస్తే గానీ కనపడదు.

"బొట్టు మెట్టుకమ్మా, పిల్లకి కాదు. ఇదిగో, ఇది మీ అమ్మాయి చుక్క. ఎవరైనా తుడిస్తే నాతో చెప్పండి" అన్నారు.

టీచరు గారి పరిశోధన ఆ సుద్దచుక్క దగ్గర మొదలైంది. నియమం మార్చమని సెక్రటరీ గారిని అడిగారు. ఆయన మంచివారే, కానీ అది వాళ్లమ్మ గొంతు. ఎవరో పిల్ల సంచీ కోసం అరిస్తే ముప్పై ఏళ్ల నియమం మారుస్తామా, మీరు దీని మీద పరిశోధన చేసి యూనివర్సిటీ వాళ్లచేత ఔననిపించుకుని రండి, అప్పుడు చూద్దాం అన్నారు. నలభై ఏడేళ్ల మనిషి ఇంకేం చదువుతుందిలే అని ఆయన ధీమా. ఆవిడ ఆ మాటని ధీమాగా కాకుండా మాటగానే తీసుకున్నారు. వారం తిరిగేసరికి పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టేశారు.

ఆ తర్వాత ఏడేళ్లు ఆవిడ ఆదివారాలన్నీ బస్సుల్లోనే గడిచాయి. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో చిన్న శ్రుతిపెట్టె, సంచిలో పెడన కలంకారీ గుడ్డలో చుట్టిన నోటు పుస్తకం. సెలవులకి నేనూ తోక పట్టుకుని వెళ్లేదాన్ని. ఊళ్లో దిగడం, పిల్లలున్న ఇంటికి వెళ్లడం, తల్లిని కాలవ అవతలికో చేను చివరికో పంపించడం, పిల్లచేత పిలిపించడం. అంతే పరిశోధన. మొదట్లో జనం మమ్మల్ని జనాభా లెక్కల వాళ్లనుకునేవారు.

తోట్లవల్లూరు దగ్గర ఒక రైతు గారు పెద్దవాళ్ల కేకలు కూడా రాసుకుంటారా అని ముచ్చటపడ్డారు. సరే ఎవరినైనా పిలవండి అన్నారు టీచరు గారు. ఆయన ఏటి వైపు తిరిగి గేదెని పిలిచారు. ఆ గేదె లంకలోంచి లేచి, తాపీగా నడిచొచ్చి మా ముందు నిలబడింది. ఎంత వచ్చిందండీ అని అడిగారాయన, జ్వరం చూపించుకున్నవాడిలా. ఒకటిన్నర అని రాసుకున్నారు టీచరు గారు. పక్కన 'గేదె వచ్చింది' అని కూడా రాశారు. ఆ ముక్క సిద్ధాంత గ్రంథంలో అలాగే ఉంది. తీసేయమని ఎంతమంది చెప్పినా తియ్యలేదు.

మా చర్చికీ వచ్చారు. వెనక చాప మీద కూర్చుని, ఆడవాళ్లు ఎత్తుకున్న ప్రతి పాటకీ పెట్టె మీద మెట్టు వెతుక్కున్నారు. పాస్టరు గారు, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం ఏదైనా చెబుతారా అని మర్యాదగా అడిగితే, వినడానికి వచ్చానండీ అన్నారు. ఆ మాట ఆవిడ ఎక్కడికి వెళ్లినా అనేవారు. సంగీతం నేర్పేవాళ్లు అంతసేపు నోరు మూసుకుని ఉండటం నేను ఇంకెక్కడా చూడలేదు.

అన్నీ సవ్యంగా సాగాయని చెప్పను. మొదటి ఏడాది ఆవిడ పెద్ద తప్పే చేశారు. నా మూడో మెట్టు చెవితో సరిగ్గానే పట్టుకున్నా, కొలత కింద రాసుకునేటప్పుడు మాత్రం కేక బాగా పైకెక్కిన చోటుని శ్రుతి అనుకున్నారు. ఆ లెక్కన ఇంట్లో నాలాగే గొంతు లేదనిపించుకున్న నలుగురైదుగురికి పాఠాలు చెబితే నెల తిరక్కుండా అందరి గొంతులూ బొంగురుపోయాయి. మా అమ్మ మిరియాల కషాయం సీసాలో పోసి పంపించింది. టీచరు గారు మా ముందే నోటు పుస్తకం తెరిచి ఏడాది అంకెలన్నీ కొట్టేశారు. మళ్లీ మొదటి నుంచి పిలిపించి, ఈసారి చివరిదాకా విన్నారు. 'అమ్మా' అన్న పిలుపు పైకి లేచి, సాగి, కిందికి దిగి ఒకచోట నిలబడుతుంది. ఆ నిలబడిన చోటే ఆ పిల్ల శ్రుతి. "కేక ఎక్కిన చోటు అవసరానిది, దిగిన చోటు మనిషిది" అనేవారు. నేను నా క్లాసు గోడ మీద రాయించుకున్నది ఈ ఒక్క మాటే.

ఇంకో సంగతి కూడా అప్పుడు చూసేదాన్ని కానీ ఆలోచించలేదు. మా టీచరు గారు పాడేవారు కాదు. హార్మోనియం మీద వినిపించేవారు, వేళ్లతో గాల్లో గమకం గీసి చూపించేవారు, పాడటం మాత్రం మాచేతే. ఒకప్పుడు ఉత్సవాల్లో బాగా పాడేవారని, నలభై దాటకుండానే గొంతు పోయిందని, దిష్టి తగిలిందని బందరులో అనుకునేవారు. మాకేమో అదొక హోదాలాగా ఉండేది. పెద్దవాళ్లు పాడరు, పాడిస్తారు అనుకునేవాళ్లం.

గ్రంథం ఒకసారి తిరిగొచ్చింది. కేకలు సంగీతం కిందికి రావని యూనివర్సిటీ వాళ్లు రాసి పంపించారు. ఆవిడ రెండు రోజులు దాన్ని బల్ల మీద అలాగే ఉంచేశారు. మూడో రోజు కోనేరు సెంటరుకి వెళ్లి పావుకిలో హల్వా తెచ్చుకుని, గొంతుకి పడదని ఇన్నేళ్లూ మానేసిన హల్వా మొత్తం తిని, మళ్లీ రాయడం మొదలుపెట్టారు. ఇంకో రెండేళ్లు పట్టింది.

చివరికి మౌఖిక పరీక్షకి పిలుపొచ్చింది. యూనివర్సిటీలో, అందరి ముందూ. హార్మోనియం మోసుకుని నేను వెళ్లాను. అప్పటికి ఇంటరు పూర్తయింది నాకు. సెక్రటరీ గారూ వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. ఇచ్చిన మాట ఎటు తిరుగుతుందో చూసుకోవాలి కదా. ఆ రోజు ఆవిడ గెలిస్తే నియమం పోతుంది, ఓడితే మా కోడూరు పిల్లలు ఎప్పటికీ గొంతు లేనివాళ్లే. 

పరీక్షించడానికి వేరే ఊరి నుంచి వచ్చిన పెద్దాయన గ్రంథం అంతా పెన్సిలు గీతలు పెట్టుకుని వచ్చారు. చాలాసేపు అడిగారు, ఆవిడ చెప్పారు. ఉన్నట్టుండి ఆయన గ్రంథం చివరున్న పట్టికల్లో మొదటి పేజీ తీసి చూపించారు. మొదటి వరసలో కోడూరు పిల్ల, పదకొండేళ్లు, శ్రుతి మూడు అని ఉంది. అది నేను. రెండో వరసలో పేరు లేదు, ఊరు లేదు. వయసు నలభై ఏడు, శ్రుతి నాలుగు అని మాత్రం ఉంది. పిల్లల పట్టికలో ఈ నలభై ఏడేళ్ల మనిషి ఎవరని అడిగారు.

"నేనేనండి" అన్నారు టీచరు గారు. "ఆ పిల్ల సంచీ కోసం పిలిచిన సాయంత్రం, అందరూ వెళ్లాక కాలవ గట్టున నిలబడి మా అమ్మని పిలిచి చూశాను. మా అమ్మ పోయి అప్పటికి పదేళ్లు. కేక దిగి నాలుగు మీద నిలబడిందండి. ఆ దిగిన చోటే శ్రుతని ఇంకో ఏడాది దాకా నాకే తెలియలేదు. నేను ఇరవై ఏళ్లు ఐదున్నర మీద పాడాను."

 ఆ పెద్దాయన పెన్సిలు పక్కన పెట్టి, ఇప్పుడు పాడగలరా అని అడిగారు. పరీక్ష అడిగినట్టు అడగలేదు, మనిషిని మనిషి అడిగినట్టు అడిగారు. ఆవిడ నా వైపు చూశారు. నేను నాలుగో మెట్టు నొక్కి పట్టుకున్నాను.

మోహన రాగంలో చిన్న గీతం. పిల్లలకి మొదట్లో చెప్పేదే. మొదటి వరస వాడక బిగుసుకుపోయిన తలుపులా కిర్రుమంది. రెండో వరసకి తెరుచుకుంది. ఏడేళ్లు ఆవిడ దగ్గర నేర్చుకున్నాను, ఆవిడ గొంతు వినడం నాకు అదే మొదటిసారి. నిండుగా, కిందుగా, ఏ తొందరా లేకుండా ఉంది. అందరికీ గొంతులు వెతికిపెట్టిన మనిషి తన గొంతు ఇన్నేళ్లూ నోటు పుస్తకం రెండో వరసలో దాచుకుందని అప్పుడు అర్థమైంది. నాకు ఏడుపూ గర్వమూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు ఆపుకోవాలో తెలియక హార్మోనియం తిత్తి కొట్టడం మర్చిపోయాను. శ్రుతి ఆగిపోయినా ఆవిడ ఆగలేదు, స్వరం చుక్కంతైనా అటూ ఇటూ కాలేదు. గీతం అయ్యాక పెద్దాయన, నేను ఇంకా అడగాల్సినవి ఉన్నాయి గానీ ముందు ఇంకొకటి పాడండి అన్నారు. ఆ సాయంత్రానికి ఆవిడ డాక్టరు గారయ్యారు.

తిరుగు ప్రయాణంలో సెక్రటరీ గారు మా బస్సే ఎక్కారు. గుడివాడ బస్టాండులో బస్సు ఆగినప్పుడు అడిగారు.

"మా అమ్మ మిమ్మల్ని ఐదున్నర మీద పాడమందాండీ?"

"లేదండీ. ఆవిడ ఉన్నప్పుడు నేను చిన్నపిల్లని. నాకోసం మెట్టు దించి వాయించేవారు. ఆవిడ పోయాకే మనందరం పైకెక్కి కూర్చున్నాం."

 ఆ మెట్టు అమ్మగారికే ఉంచేద్దామండీ, మిగతావి పిల్లలకి ఇద్దాం అన్నారు టీచరు గారు. ఆయన తల ఊపారు.

ఆ విజయదశమి నాడు కుంకుమ గిన్నె పట్టుకుని ఆయనే హార్మోనియం ముందు కూర్చున్నారు. ఎప్పటిలాగే ఐదున్నర మెట్టుకి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. లేస్తారనుకున్నాం. లేవలేదు. మొదటి మెట్టు దగ్గరికి వెళ్లి దానికి పెట్టారు. తర్వాత దాని పక్కది, ఆ పక్కది, తెల్లవీ నల్లవీ వరసగా. మూడో మెట్టు దగ్గరికొచ్చి వంగి చూశారు. టీచరు గారు ఏడేళ్లుగా అరిగినప్పుడల్లా దిద్దుతూ వచ్చిన సుద్దచుక్క అక్కడ ఉంది. దీనికి ఉంది కదమ్మా అని నాతో అని, దాన్ని వదిలి నాలుగో దానికి వెళ్లారు. గది అంతా చప్పట్లు. పూజలో చప్పట్లు కొట్టకూడదని ఎవరో అన్నారు కానీ ఎవరూ వినలేదు.

మర్నాడే టీచరు గారు స్కూలు బీరువాలోంచి పాత దరఖాస్తులన్నీ తీయించారు. 'గొంతు లేదు' అని రాసిన ప్రతి చిరునామాకీ కార్డు ముక్క రాశారు: మీ గొంతు దొరికింది, వచ్చి తీసుకెళ్లండి. చిన్నపిల్లలు వచ్చారు, పెళ్లయి పిల్లల్ని చంకనేసుకున్న వాళ్లు వచ్చారు, మీసాలొచ్చిన వాళ్లు వచ్చారు. నాగాయలంక బస్సు కండక్టరు ఒకాయన యూనిఫాంలోనే దిగి, డ్రైవరుని ఐదు నిమిషాలు ఆగమని, కాలవ గట్టున నిలబడి వాళ్లమ్మని పిలిచి, రెండు అనిపించుకుని మళ్లీ పరిగెత్తి బస్సెక్కాడు. ఇప్పటికీ ఆ రూట్లో ఆయన స్టాపుల పేర్లు రెండు శ్రుతిలోనే అరుస్తాడని చెప్పుకుంటారు.

రిటైరైన రోజు ఆవిడ గంటసేపు పాడారు, నాలుగు మీద. మా అమ్మ కోడూరు నుంచి వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఆ తర్వాత ఆరేళ్లూ ఇంట్లో పాడుకుంటూనే ఉన్నారు. ఎప్పుడు వెళ్లినా వీధి చివరికే వినపడేది.

ఆ సోమవారం నేను బందరు చేరేసరికి వీధి నిండా జనం. స్కూలు హార్మోనియం తెచ్చి ఆవిడ పక్కనే పెట్టారు. ఎనభై దాటిన సెక్రటరీ గారు వాకిట్లో కుర్చీలో ఉన్నారు. నన్ను చూసి చెయ్యి పట్టుకున్నారు.

"మా అమ్మ పోయినప్పుడు పాట ఆగిపోయిందనుకున్నామమ్మా, అందుకే ఆ మెట్టు పట్టుకుని వేలాడాం. ఈవిడ పోతే అట్టా అనిపించట్లేదు" అన్నారు.

నాకూ అనిపించలేదు.

నాలుగో రోజు గుడివాడ వచ్చి క్లాసు తలుపులు తీశాను. చెప్పిన మాట ప్రకారం ఆ పదేళ్ల పిల్ల వచ్చింది. వేరే చోట పాడించి గొంతు లేదన్నారని వాళ్లమ్మ ముందే చెప్పేసింది, మళ్లీ ఆ మాట వినే ఓపిక లేక కాబోలు. ఆమెని రోడ్డు దాటి సోడా బండి దగ్గర నిలబడమన్నాను. పిల్లని గుమ్మంలో నిలబెట్టి, మీ అమ్మని పిలువు అన్నాను. అది సిగ్గుపడింది. ఒకసారి నా వైపు చూసి, రోడ్డు వైపు తిరిగి, గట్టిగా ఊపిరి తీసుకుని పిలిచింది.

సోడా బండి దగ్గర అందరూ తిరిగి చూశారు. కేక లేచింది, లారీ హారను మీదుగా సాగింది, దిగింది, నిలబడింది. నా వేలు మెట్ల మీద వెతుక్కుంటూ వెళ్లి నాలుగు దగ్గర ఆగింది.

 మెట్టు నొక్కే ఉంచి, రెండో చేత్తో సుద్దముక్క తీసుకుని దాని చివర చుక్క పెట్టాను. ఇది ఎవరి మెట్టండీ అని అడిగింది పిల్ల. మా టీచరు గారిది, ఇవ్వాళ్టి నుంచి నీది అని చెప్పాను. రోడ్డు మధ్యలో వాళ్లమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఆటోలని చేత్తో ఆపుకుంటూ, ఏమైందోనని పరిగెత్తుకొస్తోంది.